కంప్యూటరు గొంతు తడబడితే...



మనలో ఎవరైనా కుక్కరు మూత తీసి పప్పు ఉడికిందో లేదో చూస్తామా? చూడం. కూతలు లెక్కపెట్టుకుంటాం. నూనె కాగిందని ఆవాలు చిటపటలాడి చెబుతాయి. కుళాయి కింద బిందె నిండుతుంటే నీళ్ళ చప్పుడు లావు గొంతు నుంచి సన్న గొంతుకు మారుతూ వస్తుంది. వసారాలో కూరలు తరుగుతూనే, "ఇక లేచి కుళాయి కట్టెయ్యాలి" అనుకుంటాం. ఇలా చూసుకుంటే ఇంటిపనిలో సగం మనం చెవితోనే చేస్తున్నాం. ఎవరూ దాన్ని పెద్ద విద్య అనుకోరు, అంతే.

ఈ వారం చెప్పబోయేది కూడా చెవితో చేసే పని గురించే. కాకపోతే పొయ్యి దగ్గర కాదు, కంప్యూటరు దగ్గర.

నా చూపు సంగతి ఈ శీర్షిక చదివేవాళ్ళకు కొత్త కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు. ముందు రేచీకటి వచ్చింది, తర్వాత పక్కచూపు తగ్గింది, ముప్పై అయిదేళ్ళు దాటేసరికి పుస్తకంలో అక్షరం కనబడడం మానేసింది. ఇప్పుడు ఈ శీర్షిక మొత్తం కంప్యూటరు మీదే టైపు చేసి పంపుతున్నాను. తెర కనబడకుండా ఎలా రాస్తున్నారని చాలామంది అడిగారు, వాళ్ళకు ఇదివరకే జవాబు చెప్పాను. కానీ మొన్న ఒక చెల్లెలు ఇంకో ప్రశ్న వేసింది. "కంప్యూటరు నెమ్మదిస్తే మాకు తెర మీద చక్రం తిరుగుతూ కనబడుతుంది. మీకెలా తెలుస్తుందండీ?" అని. భలే ప్రశ్న! ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మీకు చక్రం, మాకు నిశ్శబ్దం

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. నేను వాడేది ఎన్.వి.డి.ఎ. దీన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే యువకుడు మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే స్నేహితుడు తోడయ్యాడు. ఇద్దరూ చూపులేనివాళ్ళే. అప్పట్లో ఇలాంటి ప్రోగ్రాములు చాలా ఖరీదు, ఒక్కోసారి కంప్యూటరు ఖరీదును కూడా మించేవి. వీళ్ళు మాత్రం ఎవరైనా ఉచితంగా తీసుకునేటట్టు పెట్టారు. మౌస్‌తో పని లేదు. బాణం మీటలు నొక్కుతూ పోతే ఒక్కో మాటా చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది. కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంటుంది గానీ నాలుగు రోజులు వింటే అలవాటైపోతుంది. నేను దాన్ని బాగా వేగంగా చదివిస్తాను. మావారు విని, "పెళ్ళి మంత్రాలు అయ్యగారు తొందరలో చదివినట్టుంది" అంటారు!

ఇప్పుడు ఆ చెల్లెలి ప్రశ్నకు వద్దాం. కంప్యూటరు నెమ్మదిస్తే చూపున్నవాళ్ళకు కలిగేది విసుగు. చక్రం తిరుగుతున్నంతసేపూ "ఏదో చేస్తోందిలే" అని తెలుస్తుంది. ఈలోగా కాఫీ కలుపుకోవచ్చు. మాకు అలా కాదు. స్క్రీన్ రీడర్ కూడా ఒక ప్రోగ్రామే కదా! కంప్యూటరుకు ఊపిరి సలపనంత పని పడితే ఇది కూడా ఆ వరుసలో నిలబడి తన వంతు కోసం చూడాల్సిందే. ముందు మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. అంటే సరిగ్గా కష్టం వచ్చినప్పుడే, ఆ కష్టం ఏమిటో చెప్పాల్సిన గొంతు మూగబోతుంది. కంప్యూటరు చచ్చిందా, పనిలో ఉందా, ఇంటర్నెట్ పోయిందా, కరెంటు పోయిందా, ఏదీ తెలియదు. ఎదురుగా నల్లటి మౌనం ఒక్కటే.

అందుకే గొంతు పూర్తిగా పోకముందే కంప్యూటరు నాడి పట్టుకోవడం మాకు చాలా అవసరం. అది నేర్చుకున్నాక నా ధైర్యమే మారిపోయింది.

గట్టు, వంటమనిషి, కొట్టుగది

నాడి పట్టాలంటే ఒంట్లో ఏముందో తెలియాలి. కంప్యూటరు లోపల ముఖ్యంగా మూడు. మన భాషలో చెప్పుకుందాం.

మొదటిది సి.పి.యు. ఇది వంటమనిషి. తరగడం, వేయించడం, కలపడం అన్నీ చేసేది ఇదే. "సి.పి.యు. 10 శాతం" అంటే వంటమనిషి తీరిగ్గా ఉందని. "100 శాతం" అంటే రెండు చేతులూ ఖాళీ లేవని.

రెండోది ర్యామ్. ఇది వంటగట్టు. ఇప్పుడు చేస్తున్న వంటకు కావలసినవన్నీ దీనిమీదే పరుచుకోవాలి. మనం ఎన్ని ప్రోగ్రాములు తెరిస్తే గట్టు మీద అన్ని గిన్నెలు.

మూడోది డిస్కు. ఇది కొట్టుగది. బియ్యం బస్తాల దగ్గర్నుంచి ఊరగాయ జాడీల దాకా అన్నీ శాశ్వతంగా ఉండేది ఇక్కడే. ఫొటోలు, ఉత్తరాలు, ప్రోగ్రాములు అన్నీ దీంట్లోనే.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. గట్టు నిండిపోయిందనుకోండి. ఏం చేస్తాం? కొన్ని గిన్నెలు తీసుకెళ్ళి కొట్టుగదిలో పెడతాం. అవి మళ్ళీ కావలిస్తే అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటాం. కంప్యూటరు కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. ర్యామ్ చాలకపోతే కొంత సరుకును డిస్కు మీదకు తోసి, కావలసినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. ఇటూ అటూ తిరగడంతోనే సగం పొద్దు పోతుంది. వంటమనిషి చేతులు ఖాళీగానే ఉంటాయి. అయినా వంట అవదు! చాలా ఇళ్ళలో "కంప్యూటరు ముసలిదైపోయింది" అనే మాట వెనక ఉండేది ఇదే. ముసలితనం కాదు, గట్టు చిన్నది.

చెవికి అందే అంకెలు

విండోస్‌లో టాస్క్ మేనేజర్ అని ఒకటి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. దాంట్లో సి.పి.యు., ర్యామ్ ఎంతెంత వాడకంలో ఉన్నాయో గీతలు గీసి చూపిస్తుంది. చూపున్నవాళ్ళకు బాగానే ఉంటుంది. గీత కొండెక్కితే పని ఎక్కువైందని తెలిసిపోతుంది. కానీ గీతను చెవితో ఎలా వింటాం?

దీనికి చూపులేని ప్రోగ్రామర్లే దారి చూపారు. ఎన్.వి.డి.ఎ.కు తగిలించుకునే చిన్న చిన్న ఉపకరణాలుంటాయి, వాటిని యాడ్-ఆన్ అంటారు. మన మిక్సీకి పచ్చడి జారు, పొడి జారు వేరే వేరేగా తగిలించుకున్నట్టన్నమాట. వాటిలో 'రిసోర్స్ మానిటర్' అని ఒకటుంది. ఇది కూడా ఉచితమే. (విండోస్‌లో కూడా ఇదే పేరుతో ఇంకోటి ఉంది. అది వేరు, ఇది వేరు, కంగారు పడకండి.) ఎన్.వి.డి.ఎ. లోపలే 2023 నుంచి యాడ్-ఆన్ స్టోర్ అని పెట్టారు. అక్కణ్ణుంచి ఎక్కించుకోవచ్చు.

ఎక్కించాక ఇన్సర్ట్, షిఫ్ట్, ఇ మూడూ కలిపి నొక్కండి. వెంటనే "ర్యామ్ ఇంత వాడకంలో ఉంది, సి.పి.యు. ఇంత శాతం" అని చదివి వినిపిస్తుంది. వేరే కిటికీ తెరవక్కర్లేదు. ఉత్తరం రాస్తూ రాస్తూనే అడగొచ్చు, మళ్ళీ రాసుకోవచ్చు. విడివిడిగా కావాలంటే ఇ బదులు 1 నొక్కితే సి.పి.యు., 2 నొక్కితే ర్యామ్, 3 నొక్కితే డిస్కులో ఎంత నిండింది, ఎంత ఖాళీ. అంతే! జ్వరం వచ్చిన పిల్లవాడి నోట్లో థర్మామీటరు పెట్టి అంకె చూసుకున్నట్టే. "ఒళ్ళు కాలుతోంది" అనడం వేరు, "102" అనడం వేరు కదండీ!

ఇంకో చిన్న సరదా. ఏదైనా దించుకుంటున్నప్పుడు, ఎక్కిస్తున్నప్పుడు తెర మీద ఒక పట్టీ ఎడమ నుంచి కుడికి నిండుతూ వస్తుందట. ఎన్.వి.డి.ఎ. దాన్ని కూతగా వినిపిస్తుంది. మొదట్లో లావు గొంతు, నిండేకొద్దీ సన్న గొంతు. అచ్చం కుళాయి కింద బిందె! మొదటిసారి విన్నప్పుడు నాకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది.

"మీకు కనబడదు కదమ్మా"

2023 శ్రావణమాసం ముందు నా ల్యాప్‌టాప్ బాగా మొరాయించింది. మా అబ్బాయి ఉద్యోగంలో చేరాక నాకు వదిలేసి వెళ్ళిన పాతది. ఒక్క ఉత్తరం తెరవడానికి అయిదు నిమిషాలు. గొంతు తడబాటు. వ్యాసం పంపాల్సిన రోజు దగ్గర పడుతోంది. మా ఊళ్ళో ఒక బాగుచేసే కొట్టుకు మావారితో కలిసి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు ఒకసారి తెరిచి చూసి, నాతో కాకుండా మావారితో మొదలుపెట్టాడు. "ఇది పాతదైపోయింది సార్. బాగు చేసినా దండగే. నలభై వేలు పెడితే కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు.

నేను అడిగాను, "ఏది పాడైంది బాబూ?" అని.

"మొత్తం స్లో అమ్మా. మీకు కనబడదు కదా, ఇక్కడ చూపిస్తే సార్‌కు అర్థమవుతుంది" అన్నాడు.

కోపం రాలేదంటే అబద్ధం. అయితే అంతకుముందు వారం రోజులుగా నేను ఒక పని చేస్తున్నాను. పాలలెక్క రాసుకున్నట్టు, రోజుకు నాలుగుసార్లు ఇన్సర్ట్ షిఫ్ట్ ఇ నొక్కి, ఆ అంకెలు ఒక ఫైలులో రాసి పెట్టాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏయే ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి, సి.పి.యు. ఎంత, ర్యామ్ ఎంత, అన్నీ. ఆ లెక్క నాకు కంఠతా వచ్చేసింది. గడగడా అప్పజెప్పాను.

"సి.పి.యు. ఏ రోజూ 20 శాతం దాటలేదు. ర్యామ్ 4 జి.బి. ఉంటే పొద్దున తెరిచిన పది నిమిషాలకే 90 శాతం నిండుతోంది. సాయంత్రానికి 95. టాస్క్ మేనేజర్‌లో డిస్కు దగ్గర 100 శాతం అని చదువుతోంది. అంటే వంటమనిషి బాగానే ఉంది బాబూ, గట్టు చాలట్లేదు. కొట్టుగదికి తిరగలేక చస్తోంది. గట్టు పెంచి, కొట్టుగది మారిస్తే సరిపోదా?"

ఆ అబ్బాయి ఒక క్షణం మాట్లాడలేదు. లోపల్నుంచి కొట్టు యజమాని వచ్చి, "అమ్మగారు చెప్పింది కరెక్టేరా" అన్నారు. 8 జి.బి. ర్యామ్ వేసి, తిరిగే హార్డ్ డిస్కు తీసేసి దాని చోట ఎస్.ఎస్.డి. పెట్టారు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించారు. కూలితో కలిపి అయిదు వేల ఎనిమిది వందలు అయింది. నలభై వేలు ఎక్కడ, అయిదు వేల ఎనిమిది వందలు ఎక్కడ! (అది అప్పటి ధర. ఇప్పటి ధరలు వేరు, నాలుగు చోట్ల అడిగి చూసుకోండి.) ఆ ల్యాప్‌టాప్ మీదే ఇవాళ కూడా మీకు రాస్తున్నాను.

డబ్బు మిగిలిందన్న సంతోషం ఒక ఎత్తు. బయటికొస్తుంటే ఆ కుర్రాడు, "అమ్మా, మళ్ళీ ఏదన్నా వస్తే నాకే ఫోన్ చేయండి" అని నాతో అన్నాడు చూడండి, అది ఇంకో ఎత్తు. మావారితో కాదు, నాతో!

కరకర కూడా పోయింది

ఎస్.ఎస్.డి. వచ్చాక ఒక చిత్రం జరిగింది. పాత హార్డ్ డిస్కులో లోపల పళ్ళెం తిరుగుతూ ఉండేది. పని ఎక్కువైతే సన్నగా కరకరమనేది. మాట ఆగిపోయినా ఆ కరకర వినబడితే "ఓహో, ప్రాణం ఉంది" అనుకునేదాన్ని. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు, చప్పుడే ఉండదు. వేగం పెరిగింది, కానీ ఒక గుర్తు పోయింది. ఫ్యాను హోరు, అరచెయ్యి పెడితే తగిలే వేడిగాలి, ఈ రెండే మిగిలాయి. అందుకని కంప్యూటరు మంచిదయ్యేకొద్దీ అంకెలు అడిగి తెలుసుకోవడం మాకు ఇంకా ముఖ్యమవుతోంది.

మొన్న డిసెంబరులో మా అమ్మాయి పరీక్ష ఫీజు ఆఖరి రోజు. ఇంట్లో నేనొక్కదాన్నే. కార్డు నంబరూ, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.యూ వేసి, డబ్బు కట్టే మీట నొక్కాను. నిశ్శబ్దం. అర నిమిషం, నిమిషం. ఏ మాటా లేదు. మళ్ళీ నొక్కితే రెండుసార్లు డబ్బు పోవచ్చు. నొక్కకపోతే ఫీజు కట్టనట్టే అయి పిల్ల ఏడాది పోవచ్చు. అప్పుడు వరసగా నాడి చూశాను.

ముందు ఇన్సర్ట్, ఎఫ్12. టైము చెప్పింది. అంటే గొంతు బాగానే ఉంది.

తర్వాత ఇన్సర్ట్, టి. తెరిచి ఉన్న కిటికీ పేరు చదువుతుంది. ప్రోగ్రాము బిగుసుకుపోతే విండోస్ ఆ పేరు పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని చేరుస్తుంది. ఆ మాట రాలేదు. అంటే ప్రోగ్రాము కూడా బతికే ఉంది.

తర్వాత ఇన్సర్ట్, షిఫ్ట్, ఇ. సి.పి.యు. 8 శాతం, ర్యామ్ సగం. వంటమనిషి తీరిగ్గానే ఉంది, గట్టు ఖాళీగానే ఉంది. అంటే ఆలస్యం మన ఇంట్లో కాదు, అవతలి వైపు. మనం చేయగలిగింది ఒక్కటే, ఆగడం. మళ్ళీ నొక్కకుండా కూర్చున్నాను. కాసేపటికి బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజీ, ఆ వెనకే తెర మీద రసీదు నంబరు.

చూపున్న మనిషి ఒక్క చూపుతో తేల్చుకునేదాన్ని నేను మూడు ప్రశ్నలడిగి తేల్చుకున్నాను. ఆలస్యమైతేనేం, ఎవరినీ పిలవలేదు. కార్డు నంబరు పక్కింటివాళ్ళ చేతిలో పెట్టలేదు. అదే నాకు కావలసింది.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట

మీ ఇంట్లో చూపు తగ్గినవాళ్ళు ఉండవచ్చు. షుగరు వల్ల కళ్ళు దెబ్బతిన్న మామగారు, గ్లాకోమాతో చూపు పోయిన పెద్దమ్మ, చిన్నప్పటి నుంచీ చూపులేని పిల్ల. వాళ్ళు కంప్యూటరు దగ్గర ఆగిపోయి పిలిస్తే, "ఏదో తిరుగుతోంది, ఆగండి" అని వెళ్ళిపోకండి. ఏది తిరుగుతోందో, పక్కన ఏం రాసి ఉందో ఉన్నదున్నట్టు చదివి చెప్పండి. గబుక్కున మౌసు లాక్కుని మీరే చేసేయకండి. మనం లేనప్పుడు వంటింట్లో ఎవరో డబ్బాలన్నీ మార్చి సర్దేస్తే మనకెలా ఉంటుంది? ఉప్పు ఎక్కడో, పంచదార ఎక్కడో! అంతే ఉంటుంది వాళ్ళకూ. ఎక్కడ ఆగిందో చెప్పి, ఏ మీట నొక్కాలో వాళ్ళ చేతే నొక్కించండి.

జాలిపడి పని చేసి పెట్టేవాళ్ళు దొరుకుతారు, కాదనను. కానీ "ఏం జరుగుతోంది?" అన్న ప్రశ్నకు జవాబు మా చేతిలో ఉంటే, ఎవరిని ఏ సాయం అడగాలో మేమే తేల్చుకుంటాం. ఎవరూ మాకు ఇష్టం వచ్చినట్టు చెప్పలేరు. చూపున్న మీకు కూడా ఈ లెక్క పనికొస్తుంది. "పాతదైపోయింది, కొత్తది కొనండి" అని ఎవరన్నా అంటే, "సి.పి.యు. ఎంత, ర్యామ్ ఎంత?" అని ఒక్కసారి అడిగి చూడండి!

కత్తిరించి దాచుకోండి

1. గొంతు ఆగిపోతే ముందు చెవి తీగ ఊడిందేమో, చప్పుడు తగ్గిందేమో చూడండి. తర్వాత ఇన్సర్ట్, ఎఫ్12 నొక్కండి. టైము చెబితే స్క్రీన్ రీడర్ బాగున్నట్టే.

2. టైము కూడా చెప్పకపోతే కాసేపు ఆగి కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కండి. ఎన్.వి.డి.ఎ. మళ్ళీ మొదలవుతుంది. అది కూడా పలక్కపోతే కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌తో పాటే వచ్చే నేరేటర్ అనే ఇంకో గొంతు లేస్తుంది. ఇంట్లో ఒక దీపం ఆరితే ఇంకోటి ఉన్నట్టు.

3. ఇన్సర్ట్, షిఫ్ట్, బి నొక్కితే బ్యాటరీ ఎంత ఉందో చెబుతుంది. దీనికి యాడ్-ఆన్ కూడా అక్కర్లేదు. కరెంటు పోయే ఊళ్ళలో ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

4. ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ మీట దొరకడం కష్టమైతే, దాని బదులు క్యాప్స్ లాక్ పనిచేసేటట్టు ఎన్.వి.డి.ఎ.లో మార్చుకోవచ్చు.

5. ర్యామ్ 90 శాతం దాటుతోందంటే అక్కర్లేని కిటికీలు ఒక్కొక్కటే మూసెయ్యండి. ఇంటర్నెట్ చూసే ప్రోగ్రాములో పది పేజీలు తెరిచి పెట్టుకుంటే పది గిన్నెలు గట్టు మీద పెట్టినట్టే.

6. బిగుసుకున్న ప్రోగ్రామును ఆపాలంటే టాస్క్ మేనేజర్‌లో బాణం మీటలతో దాని పేరు దగ్గరికి వెళ్ళి, షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే వచ్చే జాబితాలో 'ఎండ్ టాస్క్' ఎంచుకోవాలి. దాచుకోని రాతలు పోతాయి, కాబట్టి వేరే దారి లేనప్పుడే. రాసేటప్పుడు ప్రతి పేరా తర్వాతా కంట్రోల్, ఎస్ నొక్కడం అలవాటు చేసుకుంటే ఆ బాధే ఉండదు. పేరు తెలియని ప్రోగ్రామును మాత్రం ముట్టుకోవద్దు.

7. కంప్యూటరు తెరవగానే పిలవని పేరంటానికి వచ్చినట్టు కొన్ని ప్రోగ్రాములు వాటంతటవే లేచి కూర్చుంటాయి. సెట్టింగ్స్‌లో 'యాప్స్', దాంట్లో 'స్టార్టప్' దగ్గర అక్కర్లేనివి ఆపెయ్యండి. స్క్రీన్ రీడర్‌ను మాత్రం ఆపకండి సుమా!

8. విండోస్‌లో 'షట్ డౌన్' చేస్తే చాలాసార్లు పూర్తిగా ఆగదు. మర్నాడు త్వరగా లేవడానికి కొంత గుర్తుపెట్టుకుని పడుకుంటుంది. వారానికోసారి 'రీస్టార్ట్' చేస్తే గట్టు మొత్తం కడిగి తుడిచినట్టు అవుతుంది.

9. కంప్యూటరు లేనివాళ్ళు బెంగపడకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్, ఐఫోన్‌లో వాయిస్ ఓవర్ ముందే ఉంటాయి. సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' దగ్గర చూడండి. టాక్‌బ్యాక్ వేశాక తాకే పద్ధతి మారిపోతుంది. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు టకటకా తడితేనే పని చేస్తుంది. ఇది ముందే తెలుసుకుని వెయ్యండి.

ఈ మీటలన్నీ ఒకేరోజు నేర్చుకోవాలని కూర్చోకండి. మన అమ్మలు మనకు వంట నేర్పినప్పుడు మొదటిరోజే బొబ్బట్లు చేయించారా? అన్నం వార్చడంతో మొదలుపెట్టాం. అలాగే ఇన్సర్ట్, ఎఫ్12తో మొదలుపెట్టండి. టైము అడిగితే టైము చెబుతుంది. అడిగితే బదులు పలుకుతుందన్న నమ్మకం కుదిరాక మిగతావి వాటంతటవే వస్తాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇవి నేర్పాక ఎక్కడ చిక్కు వచ్చిందో ఉత్తరం రాయండి. మా అమ్మాయి చదివి వినిపిస్తుంది. జవాబు మాత్రం నేనే టైపు చేస్తాను.

వచ్చేవారం వడియాలు, అప్పడాల సంగతి చూద్దాం. ఎండలు ముదురుతున్నాయి, మినప్పప్పు నానబెట్టి ఉంచండి మరి!